20 మిల్లీమీటర్ల మహారాజశ్రీలకు

ఒంగోలు,
మీరు నెత్తినెక్కి కూర్చున్న కారు పక్కనుంచి.

మహారాజశ్రీ కుడి స్పేసర్, ఎడమ స్పేసర్ గార్లకు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అని రాయబోయాను గానీ, ఉభయుల్లో ఒకరే కుశలం. అది మీరు.

మీరు మా ఇంటికొచ్చి 14 నెలలైంది. అల్యూమినియం ఒళ్ళు, ఒక్కొక్కరికి మూడేసి బోల్టులు, జత 1,800 రూపాయలు. ముందు చక్రాల మీద బరువు మోసే స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ జంట ఉంటుందే, స్ట్రట్ అంటారు, దాని పైభాగానికీ కారు బాడీకీ మధ్య దూరి, మా పాత కారు ముక్కును 20 మిల్లీమీటర్లు పైకి లేపారు. ఆ సాయంత్రం వీధిలో అందరూ బయటికొచ్చి చూశారు. పుల్లట్టు తింటున్న పిల్లాడు కూడా తినడం ఆపాడు. మా ఆవిడ కొబ్బరికాయ కొట్టమంది, కొట్టాను.

అసలు మీ అవసరం ఎందుకొచ్చిందో మీకు చెప్పలేదు. పెళ్ళిచూపులప్పుడు కొన్ని దాచిపెడతాం కదా.

మా నాన్న ఇల్లు కట్టినప్పుడు వీధిలోంచి మూడు మెట్లెక్కి లోపలికి వచ్చేవాళ్ళం. తర్వాత సిమెంటు రోడ్డు వేశారు. కొన్నాళ్ళకు దాని మీదే ఇంకోటి వేశారు. కింద ఉన్నదాన్ని తవ్వి తీసేసి వేయొచ్చని ఎవరికీ తోచలేదో, తోచినా బిల్లులో ఆ కాలమ్ లేదో! ఇప్పుడు వీధిలోంచి ఒక మెట్టు దిగి మా ఇంట్లోకి రావాలి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడు వీధిలో నీళ్ళు చెప్పులు కూడా విప్పకుండా నేరుగా వంటింట్లోకి వెళ్ళాయి. ఆ దెబ్బకి ప్రతి ఇంటివాళ్ళూ గేటు ముందు సిమెంటు కట్ట కట్టుకున్నారు. మూలింటి పెదనాన్నగారైతే (మాకు వరసకే) బైకుల వేగం తగ్గుతుంది, పైవీధి నీళ్ళూ ఆగుతాయి అని ఏకంగా రోడ్డుకి అడ్డంగా స్పీడ్ బ్రేకరే పోయించారు.

స్పీడ్ బ్రేకర్ ఎలా ఉండాలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లోనే రాసిపెట్టింది. 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు, చాపం గీసినట్టు మెల్లగా లేచి మెల్లగా దిగాలి. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో పోయే బండికి నొప్పి తెలియకూడదు. పెదనాన్నగారిది రెండు జానల వెడల్పు, బెత్తెడున్నర ఎత్తు. దాని మీద కారు పొట్ట గీసుకునే చప్పుడుకి మా నాన్న నిద్రలో కూడా "వచ్చాడు వీడు" అనేవారు.

ఎదురింటివాళ్ళు ఇంకా ముందుకెళ్ళారు. జాకీలు పెట్టి ఇంటినే మూడడుగులు లేపించారు. మా కారుకి రెండు జాకీలు, వాళ్ళింటికి రెండొందలు, అంతే తేడా. రోడ్డు లేచింది, ఇల్లు లేచింది, కట్ట లేచింది. మిగిలింది కారు. అప్పుడు మిమ్మల్ని పిలిపించాను.

మిమ్మల్ని బిగించినవాడు చీమకుర్తి గ్రానైటు లారీలకు కమాను పట్టీలు కొట్టి చెయ్యి తిరిగినవాడు. మీతోపాటు లోయర్ ఆర్మ్, అంటే చక్రాన్ని కిందనుంచి కారుకి కలిపే చెయ్యి, దాని కీలు దగ్గరుండే బుష్‌లు కూడా కొత్తవి వేయమన్నాను. పాపం ఆ బుష్‌ల గురించి మీకు తెలియాలి, మీరు పైన కూర్చుంటే కింద మోసింది వాళ్ళే. ఇనప గొట్టంలో ఇంకో ఇనప గొట్టం, రెండిటి మధ్యా అతికించిన రబ్బరు. లోపలి గొట్టాన్ని బోల్టు కారుకి పట్టి ఉంచుతుంది, బయటి గొట్టం ఆర్మ్‌తో పాటు ఊగుతుంది. చక్రం లేచినప్పుడల్లా, దిగినప్పుడల్లా రబ్బరు మెలితిరిగి మళ్ళీ సర్దుకుంటుంది. అందుకే ఆ బోల్టుని ఆఖరిసారి బిగించేది కారు జాకీ దిగి, తన బరువు తన చక్రాల మీద పడ్డాకే. మావాడు చక్రాలు గాల్లో వేలాడుతుండగానే బిగించేశాడు. ఇదేమిటని అడిగితే, "కింద పెట్టి బిగిస్తే చెయ్యి దూరదన్నా. పైనుంటేనే కుదురుద్ది" అన్నాడు.

కుదిరింది వాడి చేతికి. కారు కిందికి దిగగానే రబ్బరు పిండిన బట్టలా మెలిపడిపోయింది. ఇక నడిచినా మెలికే, నిలబడినా మెలికే, రాత్రి గేటు లోపల నిద్రపోతున్నా మెలికే. ఏడు నెలలకు చిరిగింది. బ్రేకు తొక్కితే కింద టక్‌మని చప్పుడు, స్టీరింగ్ ఒక పక్కకి లాగుడు. మీకేం తెలుస్తుంది, మీరు అల్యూమినియం.

ఈసారి రబ్బరు వద్దని పసుప్పచ్చ పాలీయురేథేన్ బుష్‌లు తెప్పించాను. వీటిలో రబ్బరు అతుకుండదు, లోపలి గొట్టం చుట్టూ బుష్ జారి తిరుగుతుంది, కాబట్టి మెలిపడి చిరిగే బాధ లేదు. కానీ తిరగాలంటే సిలికాన్ గ్రీజు కావాలి. ఆ గ్రీజు ప్యాకెట్ పెట్టెలోనే వచ్చింది. అది మూడు వారాల తర్వాత డాష్‌బోర్డు అరలో టోల్ రసీదుల కింద దొరికింది. మావాడు చేతికందిన లారీ గ్రీజు పూశాడు, కాలవనీళ్ళు దాన్నీ కడిగేశాయి. అప్పట్నుంచి కారు కిర్రు చెప్పులు తొడుక్కున్న కొత్తల్లుడిలా నడుస్తోంది. నెల్లూరులో పెళ్ళికి 120 కిలోమీటర్లు అలాగే వెళ్ళాం. కల్యాణ మండపం దగ్గర మా బావమరిది వంగి చూసి, "ఏంది బావా, బండి కిందెవురో మూలుగుతుండారే!" అన్నాడు. ఒంగోలు నుంచి గిత్తల్నే తోలుకొచ్చి ఉంటే ఇంతకన్నా నిశ్శబ్దంగా వచ్చేవాళ్ళం.

ఇంకోటి. మీరు ముక్కు లేపితే హెడ్‌లైట్లు కూడా లేస్తాయని నాకు తట్టలేదు. రాత్రిపూట కర్నూలు రోడ్డులో ఎదురొచ్చేవాళ్ళందరూ డిప్పర్ కొడుతుంటే, ఊళ్ళో పరపతి పెరిగిందనుకుని చెయ్యి ఊపాను. ఒకాయన బండి ఆపి చెప్పిన మాట మీకు రాయలేను. అలైన్‌మెంట్ చూసే కుర్రాడేమో ఎత్తు మారితే టో, అంటే ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం, మారుద్ది, అప్పుడే చూపించుకోవాల్సింది అన్నాడు. అప్పటికి ముందు టైర్లు రెండూ ఒక అంచున నున్నగా అరిగి ఉన్నాయి.

కోపంతో రాస్తున్నాననుకోకండి. మీరు చెప్పిన పని చెప్పినట్టే చేశారు. 20 మిల్లీమీటర్లన్నారు, కొలిస్తే 20 ఉంది. ఈ మొత్తం వ్యవహారంలో మాట మీద నిలబడింది మీరొక్కరే.

మొన్న వీధికి మళ్ళీ రోడ్డు వేశారు. దేని మీదో చెప్పక్కర్లేదు. ఈసారి నాలుగంగుళాలు. పెదనాన్నగారి బ్రేకర్ దాదాపుగా అందులో మునిగిపోయింది. రాకపోకలకు వదిలిన రోజు సాయంత్రం నేను పనేమీ లేకపోయినా కారు తీసి వీధి ఈ చివర్నుంచి ఆ చివరికి మూడుసార్లు తిరిగాను. ఎక్కడా గీసుకోలేదు. మీరూ బుష్‌లూ కూడా ఒక్క మాట మాట్లాడలేదు.

మా గేటు దగ్గర మాత్రం ఇప్పుడు రెండు మెట్ల దిగుడు.

ఇట్లు,
మీ కింద నలిగిన కారు యజమాని.

తా.క.: ఈ ఉత్తరం మడుస్తుండగా పెదనాన్నగారు వచ్చారు. వాళ్ళ గేటు పక్కన ఇసక, రెండు బస్తాల సిమెంటు దించి ఉన్నాయి. మబ్బు పట్టింది, రాత్రికి వాన పడేట్టుందిరా అబ్బాయ్, మీ ఇంట్లో సిమెంటు తట్ట ఉందా అన్నారు. ఇచ్చాను.