పాలపిట్టను చూసిన నేరానికి దసరా జీతం కోత

మా బామ్మర్ది పండుగకు అర్హుడు కాడని తేలింది. తేల్చింది పంతులు కాదు, హాజరు రాసే టైమాఫీసు.

వాడు చిట్యాల దగ్గర హైవే పక్కన ఒక ఫ్యాక్టరీలో మిషన్ ఆపరేటర్. ఫ్యాక్టరీ పేరు చెప్పను, చెబితే రేపు ఉద్యోగానికీ అర్హత పోతుంది. యాజమాన్యానికీ యూనియన్‌కూ నడుమ లేబర్ ఆఫీసర్ సమక్షంలో, పారిశ్రామిక వివాదాల చట్టం సెక్షన్ 12(3) కింద కుదిరిన అగ్రిమెంట్‌లో ఒక ముత్యం లాంటి వాక్యం ఉంది: "సెలవు దినమునకు ముందు పనిదినమున, తదుపరి పనిదినమున పూర్తి హాజరు కలిగిన కార్మికులు మాత్రమే సదరు సెలవు దినపు వేతనమునకు అర్హులు." సంతకాల రోజు మన లీడర్లు ఈ పేజీ దాకా రాలేదు. బేసిక్ ఎంత పెరిగిందో చూసుకున్నారు, దండలు వేసుకున్నారు, బిర్యానీ చల్లారుతుందని లేచారు.

ఈ వాక్యం రాసిన మహానుభావుడికి మన పండుగల మీద ఎంత పట్టుందో చూడండి. ఆయన లెక్కలో దసరా పొద్దున మొలిచి సాయంత్రానికి వాడిపోయే పుట్టగొడుగు. దానికి ముందు సద్దుల బతుకమ్మ ఉండదు. గునుగు పువ్వు కోసం చెల్కల వెంట తిరగడం ఉండదు. తెల్లారి చుట్టాలను సాగనంపడం అసలే ఉండదు. కార్మికుడనేవాడు గేటు బయటే పుట్టి పెరిగినట్టు, దేవరకొండ అవతల వాడికి ఒక ఊరు, ఆ ఊళ్లో ఒక అమ్మ ఉండనట్టు రాశాడు.

మన దగ్గర సెలవులకు 1974 నాటి చట్టం ఒకటి ఉంది. జనవరి 26, మే 1, ఆగస్టు 15, అక్టోబర్ 2, ఇంకొన్ని పండుగలకు జీతంతో సెలవు ఇవ్వాలంటుంది. ఆ రోజు పని చేయించుకుంటే రెట్టింపు జీతమో, జీతంతో పాటు బదులు సెలవో ఇవ్వాలంటుంది. పాపం, చట్టానికి పండుగ ఒక్కటే కనిపించింది. దానికి అటూ ఇటూ కాపలా పెట్టొచ్చని తట్టలేదు. ఆ లోటును అగ్రిమెంట్ తీర్చింది.

ఇక 2025 దసరా సంగతి. అది అక్టోబర్ 2నే వచ్చింది. గాంధీ తాత, దుర్గమ్మ ఒకే రోజులో సర్దుకున్నారు. మందు షాపులు బంద్. అంతకంటే పెద్ద దెబ్బ, రెండు సెలవులు ఒక్కటయ్యాయి. యాజమాన్యం ఆ ఏడు క్యాలెండర్‌కు దండ వేసి కొబ్బరికాయ కొట్టి ఉంటుంది.

ఆ సాయంత్రం ఊరి బయట అందరూ పాలపిట్ట కోసం ఆకాశం చూస్తుంటే మావాడు వాచీ చూసుకుంటున్నాడు. రాష్ట్ర పక్షి కదా, ప్రభుత్వ ఆఫీసరు లాగే టైమ్‌కు రాదు. ఐదున్నరకు ఒక కాకి వచ్చింది. "ఇదే పాలపిట్ట అనుకుందాం నాయినా, నాకు పొద్దున ఆరింటికే షిఫ్టు ఉంది" అన్నాడట. వాళ్ల నాయిన ఒప్పుకోలేదు. చీకటి పడే ముందు అసలుది కరెంటు తీగ మీద వాలింది. దండం పెట్టి, జమ్మి తెంపి, పెద్దల చేతిలో బంగారం పెట్టి, కాళ్లు మొక్కుతూనే "పొద్దుగాల ఫస్టు బస్సు ఎన్నింటికి?" అని అడిగాడట. దీవించబోయిన పెదనాయిన చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

ఆ బస్సుకు కూడా పోలేదు. మూడింటికి లేచి ఎవరి బండి మీదో నల్గొండ, అక్కడి నుంచి ఆటో, నార్కట్‌పల్లి కాడ లారీ. గేటు దగ్గర థంబ్ పెట్టేసరికి 6:20. అది కూడా మూడోసారికి తీసుకుంది. జమ్మి ముళ్లు గీరిన వేలును మిషన్ గుర్తుపట్టలేదు.

ఇరవై నిమిషాల లేటుకు ఆఫ్ డే. ఆఫ్ డే అంటే పూర్తి హాజరు కాదు. పూర్తి హాజరు లేదు కాబట్టి దసరా లేదు. వాడి రోజు కూలి 600. ఆఫ్ డేకు 300, దసరాకు 600, మొత్తం 900 కోశారు. నిమిషానికి 45 రూపాయలు! ఎనిమిది గంటల షిఫ్టులో 480 నిమిషాలు. వాడి నిమిషం అంత ఖరీదైనదే అయితే, రోజుకు 21,600 ఇవ్వాలి కదా? లెక్క రాసి పంపిద్దామన్నాను. "వద్దు బావా, క్యాలుక్యులేటర్ పైసలు కూడా కోస్తరు" అన్నాడు.

"సార్, ఇరవై నిమిషాలే గద సార్" అని టైమాఫీసులో బతిమాలితే, "రూల్ అట్లుంది తమ్మీ, నేనేం చెయ్యాలె" అన్నాడట ఆ సారు. ఆయన ఆ రోజు తొమ్మిదిన్నరకు వచ్చాడు. స్టాఫ్‌కు ఈ రూల్ లేదు. మావాడి చొక్కా జేబులో జమ్మి ఆకు ఇంకా వాడిపోను కూడా లేదు.

ఇంతసేపూ నేను నవ్వుతూ రాసింది పర్మినెంట్ కార్మికుడి కథ. అదే అగ్రిమెంట్‌లో కింద ఇంకో లైను ఉంది: "కాంట్రాక్టు కార్మికులకు ఇది వర్తించదు." ఆగస్టు 15న జెండా లేవకముందే వచ్చి గ్రౌండు ఊడ్చి, ముగ్గు వేసి, కుర్చీలు తుడిచి పెట్టేది ఎవరనుకున్నారు? పాలమూరు నుంచి వచ్చి రేకుల షెడ్లలో ఉంటున్న ఆడవాళ్లు. జెండా ఎగిరాక వాళ్లకు లడ్డూ ఇచ్చారు. కూలి ఇవ్వలేదు. ఎందుకంటే ఆ రోజు సెలవట! సెలవైతే చీపురు ఎందుకు పట్టించార్రా? పట్టిస్తే రెట్టింపు ఏది? మేనేజర్‌ను అడిగితే కాంట్రాక్టర్‌ను అడగమంటాడు, కాంట్రాక్టర్ ఫోన్ ఎత్తడు. స్వాతంత్ర్య దినం పేరు చెప్పి ముసలామె చెమటను ఎగ్గొట్టేవాడు ఏ జెండాకు సెల్యూట్ కొట్టినా వాడు దొంగే. నా దగ్గర ఇంతకంటే మర్యాదైన మాట లేదు.

మావాడు వచ్చే దసరాకు ఊరికి పోనంటున్నాడు. పెళ్లాం పిల్లలే పోతారట. ఆమె జమ్మి ఆకు కొంగున కట్టుకొని తెస్తానంది. దాన్ని గేటు లోపలికి రానిస్తారో లేదో అగ్రిమెంట్‌లో వెతుకుతున్నాం. ఇప్పటికి పదకొండో పేజీలో ఉన్నాం.