హక్కుకు దరఖాస్తు ఎందుకు?

పోలండ్ నుంచి వచ్చి పదిహేనేళ్లుగా బర్మింగ్‌హామ్‌లో పన్నులు కడుతున్న మనిషి 2021 జూన్ 30 రాత్రి పడుకుని, తెల్లారేసరికి చట్టం దృష్టిలో అక్రమ నివాసి అయిపోవచ్చు. చేసిన నేరమల్లా, బ్రెగ్జిట్ తర్వాత యూరోపియన్ యూనియన్ పౌరులు బ్రిటన్‌లో ఉండిపోవడానికి పెట్టిన ఈయూ సెటిల్‌మెంట్ స్కీమ్‌కు ఆ రాత్రి గడువులోగా దరఖాస్తు పెట్టకపోవడమే. పాత పర్మనెంట్ రెసిడెన్స్ కార్డు బీరువాలో భద్రంగా ఉన్నా లాభం లేదు, ఆ రాత్రితో అదీ చెల్లదు.

ఇలాగే జరగాలని రాసిపెట్టి లేదు. బ్రెగ్జిట్ ఉపసంహరణ ఒప్పందం 18వ అధికరణ రెండు దారులిచ్చింది: దరఖాస్తు ఆమోదం పొందితేనే హోదా, లేదా అర్హత ఉంటే హక్కు దానంతటదే. జర్మనీ, స్పెయిన్, ఇటలీ తమ దగ్గరున్న బ్రిటన్ పౌరులకు రెండోది వర్తింపజేశాయి. అక్కడ ఆలస్యమైతే కార్డు ఆలస్యమవుతుంది, హక్కు పోదు. బ్రిటన్ మొదటిది పట్టుకుంది.

దశాబ్దాల కిందట కరీబియన్ దీవుల నుంచి వచ్చి స్థిరపడిన విండ్‌రష్ తరానికి హక్కుండీ కాగితం లేకే కదా ఉద్యోగాలు పోయాయి, అందుకే అందరినీ దరఖాస్తు పెట్టమన్నామంటుంది ప్రభుత్వం. ఆ గోస నిజం. దాని పాఠం మాత్రం చేతికి కాగితం ఇవ్వమని. బ్రిటన్ దరఖాస్తు పెట్టించుకుని, కాగితం ఇవ్వలేదు! ఆటోమేటిక్ హక్కు, దాంతోపాటు కార్డు ఇవ్వాలని 2020 జనవరిలో ప్రభువుల సభ సవరణ చేస్తే, కామన్స్ సభ రెండు రోజుల్లో కొట్టేసింది.

జీతగాళ్లకు పెద్ద ఇబ్బంది లేదు. నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు కొడితే శాశ్వత (సెటిల్డ్) హోదాకు కావాల్సిన ఐదేళ్ల నివాసాన్ని పన్నుల రికార్డులే చూపిస్తాయి. ఇరుక్కునేది ఆ రికార్డుల్లో లేనివారు: ఇంటిపట్టున ఉన్న తల్లులు, కేర్‌హోమ్‌లోని వృద్ధులు. బ్యాంకు స్టేట్‌మెంట్లు, డాక్టరు ఉత్తరాలు ఏరుకోవాలి. ఏ 12 నెలల్లోనైనా ఆరు నెలలకు మించి దేశంలో లేకపోతే, తగిన కారణం ఉంటే తప్ప, ఐదేళ్ల వరస తెగిపోయేది. ఐదేళ్లు నిండక ప్రీ-సెటిల్డ్ (తాత్కాలిక) హోదా పొందినవారు రెండోసారి దరఖాస్తు పెట్టకపోతే హక్కు పోతుందన్న నిబంధన చెల్లదని 2022 డిసెంబరులో హైకోర్టు చెప్పాకే, గడువును ప్రభుత్వమే పొడిగించడం మొదలైంది.

ఇక రుజువు సంగతి. హోదా ఆన్‌లైన్‌లోనే ఉంటుంది. ఇల్లు అద్దెకు కావాలంటే, దాన్ని చూపించే, 90 రోజులు పనిచేసే షేర్ కోడ్ తీసి ఇంటి యజమానికివ్వాలి. ఆ లాగిన్‌కు పాస్‌పోర్టు నంబరు, ఫోన్‌కో మెయిల్‌కో వచ్చే కోడ్ కావాలి. పాత సిమ్ పోయి, మెయిల్ తెరుచుకోకపోతే అక్కడే ఆగిపోతారు. ఈలోగా ఆ ఇల్లు బ్రిటిష్ పాస్‌పోర్టు చూపినవాడికి వెళ్లిపోతుంది.

ఇది యూరప్ వాళ్ల గొడవే అనుకోవద్దు. 2024 చివర్లో బీఆర్‌పీ కార్డుల (విదేశీయుల నివాస అనుమతి కార్డుల) కాలం తీరాక అక్కడి తెలుగు విద్యార్థులు, నర్సులు, ఐటీ ఉద్యోగులు కూడా ఇదే షేర్ కోడ్ మీద ఆధారపడ్డారు. కొత్త పాస్‌పోర్టు చేతికొచ్చిన రోజే యూకేవీఐ (బ్రిటన్ వీసా విభాగం) ఖాతాలో వివరాలు మార్చుకోండి. లేదంటే సెలవులకొచ్చి తిరిగి వెళ్లేటప్పుడు, శంషాబాద్ చెకిన్ కౌంటర్‌లో మీ ఈ-వీసా (ఆన్‌లైన్ వీసా రికార్డు) ఎయిర్‌లైన్ సిబ్బందికి కనపడకపోవచ్చు.