నానో స్టిక్కర్ నిజంగా నానో అయితే ఫోన్‌కి పనిచేయదు

విజయవాడ వాట్సాప్ గ్రూపుల్లో ఒక వీడియో తెగ తిరుగుతోంది. ఫోన్ వెనక ‘నానో మెటామెటీరియల్’ స్టిక్కర్ అంటిస్తే రేడియేషన్ 99 శాతం తగ్గుతుందట, సిగ్నల్ పెరుగుతుందట, ఏ ఫోన్‌కైనా ఏ నెట్‌వర్క్‌కైనా పనికొస్తుందట. సాక్ష్యం, అమెరికాలో చేసిన, వస్తువుని కనబడకుండా దాచే ‘మాయా కవచం’. బీసెంట్ రోడ్డులో ఫోన్ కవర్ కొనబోతే ఇదీ అంటగడుతున్నారు.

ముందు ‘నానో’ సంగతి చూద్దాం, అసలు గుట్టు అక్కడే ఉంది. మెటామెటీరియల్ అంటే మామూలు పదార్థాలకి లేని గుణాలు వచ్చేలా చిన్న చిన్న ఆకారాలతో తయారుచేసిన పదార్థం. దాని మహిమ రాగిలో కాదు, రాగిని చెక్కిన ఆకారంలో ఉంటుంది. సర్క్యూట్ బోర్డు మీద వరసగా రాగి రింగులు, ప్రతి రింగుకీ ఒక చీలిక. రింగు కాయిల్‌గా, చీలిక కెపాసిటర్‌గా పనిచేసి ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర రెసొనెన్స్ వస్తుంది, అంటే ఆ తరంగానికి రింగు బలంగా స్పందిస్తుంది. దానికి కాస్త పైన పెర్మియబిలిటీ (అయస్కాంత క్షేత్రానికి పదార్థం ఎలా స్పందిస్తుందో చెప్పే విలువ) మైనస్‌లోకి వెళ్తుంది. ఇలా జరగాలంటే రింగు సైజు తరంగదైర్ఘ్యంలో సుమారు పదో వంతు ఉండాలి. 900 మెగాహెర్ట్జ్‌కి తరంగదైర్ఘ్యం 33 సెంటీమీటర్లు, 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకి 12.5. అంటే రింగులు కంటికి కనబడేంత పెద్దవి. నానో సైజు రింగులు స్పందించేది కాంతికి!

ఏ నెట్‌వర్క్‌కైనా అన్నది ఇంకా విడ్డూరం. ఈ రెసొనెన్స్ చాలా ఇరుకు, ఒక ఫ్రీక్వెన్సీ చుట్టుపక్కలే ఉంటుంది; నెట్‌వర్క్‌లవేమో రకరకాల ఫ్రీక్వెన్సీలు. బోర్డు డైఎలక్ట్రిక్ విలువ (విద్యుత్ క్షేత్రానికి దాని పదార్థం స్పందించే తీరు) కొద్దిగా తేడా వచ్చినా, కంప్యూటర్ సిమ్యులేషన్‌లో ముచ్చటగా కనిపించిన డిప్, అంటే గ్రాఫులో రెసొనెన్స్‌ని చూపే పల్లం, కొలతల్లో పక్కకి జరిగిపోతుంది. (మైక్రోవేవ్ ల్యాబులో ప్రాజెక్టు చేసే ఎంటెక్ పిల్లల్ని అడగండి, ఏడుపొక్కటే తక్కువ.) ఫోన్ గాజు, కవరు, మన చెయ్యి కూడా దాన్ని కదిలిస్తాయి.

రేడియేషన్ తగ్గి సిగ్నల్ పెరగడమా? ఆ రేడియేషనే సిగ్నల్. తల వైపు తగ్గించి బయటికి మళ్లించే డిజైన్లు లేకపోలేదు, కానీ ఆ ఫోన్ యాంటెన్నాతో కలిపి లెక్క కట్టాలి. పైగా మాట్లాడేటప్పుడు తల ఉండేది స్క్రీన్ వైపు. వెనక స్టిక్కర్ నిజంగా అడ్డుకుంటే టవర్‌కి సిగ్నల్ అందక ఫోన్ పవర్ ఇంకా పెంచుతుంది.

ఇక కవచం. 2006లో డ్యూక్ యూనివర్సిటీలో దాచింది మనిషిని కాదు, చిన్న రాగి సిలిండర్‌ని. అదీ 8.5 గిగాహెర్ట్జ్ దగ్గర, ఒకే సమతలంలో. నీడ పూర్తిగా పోలేదు కూడా.

రేడియేషన్ గురించి టెన్షన్ ఉంటే చాలా ఫోన్లలో *#07# నొక్కితే సార్ (SAR) విలువ, అంటే ఒంట్లోకి ఇంకే రేడియో శక్తి కొలత, కనిపిస్తుంది. మన దేశంలో దాని పరిమితి కిలో శరీర బరువుకి 1.6 వాట్ల లెక్కన. ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఫోన్ తలకి దూరంగా ఉంచితే తలకి చేరేది ఇంకా తగ్గుతుంది.