2520ని చూసి కుర్చీలోంచి పడిపోయిన దొర

ఈ తెల్లవారుజామున 5 గంటల 10 నిమిషాలకు మా ఫ్యామిలీ గ్రూపులో గణితలోకం మళ్లీ నివ్వెరపోయింది. శుభోదయం మందారపువ్వు వెనకాలే పెదనాన్న ఫార్వర్డు. 2520 అనే వింత సంఖ్య ఉందట. 1 నుంచి 10 దాకా దేనితో భాగించినా శేషం రాదట. రామానుజన్ కనిపెట్టాడట. ప్రపంచ గణితవేత్తలు నోరెళ్లబెట్టారట. నాకిది పద్నాలుగోసారి.

దీన్ని క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) అంటారు, అన్నిటితోనూ శేషం లేకుండా పోయే అతి చిన్న సంఖ్య. మూడు గంటలు కలిసి మోగాయి, మళ్లీ ఎప్పుడు కలిసి మోగుతాయి అని బళ్లో అడుగుతారే, ఆ లెక్క.

నా బెంగంతా ఆ నోరెళ్లబెట్టినవాళ్ల గురించే. కేంబ్రిడ్జిలో ఓ దొర టీ తాగుతూ 2520ని 7తో భాగించాడు. శేషం సున్నా. కప్పు జారింది. 9తో భాగించాడు. కుర్చీలోంచి పడ్డాడు. మొహాన సోడా కొట్టి లేపారు. అంతలో జిల్లా పరిషత్ హైస్కూల్లో ఆరో తరగతి చదివే పిల్ల ఒకతి ముక్కు తుడుచుకుంటూ వచ్చి, "సార్, 12 దాకా అయితే 27,720" అంది. దొర మళ్లీ పడ్డాడు. "15 దాకా 3,60,360." మాట పడిపోయింది. "20 దాకా 23,27,92,560 సార్. ఇంకా పైకెళ్లనా?" ఐసీయూ. పిల్లని మాత్రం మార్జిన్ గీయలేదని మేష్టారు బెంచీ ఎక్కించారు.

ఫార్వర్డు చివర దేవరహస్యం కూడా ఉంది. వారానికి 7 రోజులు, నెలకు 30, ఏడాదికి 12 నెలలు. గుణిస్తే 2520! ఫిబ్రవరి ఈ గ్రూపులో లేనట్టుంది.

పోనీ, రామానుజన్‌కీ 2520కీ సంబంధం లేదా అంటే, ఉంది. నా మంట అదే. తనకంటే చిన్న సంఖ్య దేనికీ లేనన్ని భాజకాలున్న సంఖ్యల మీద ఆయన 1915లో పెద్ద వ్యాసం రాశాడు. లండన్ మేథమెటికల్ సొసైటీ అచ్చువేసింది. 48 భాజకాల 2520 ఆ జాబితాలో ఒకానొకటి. కాలిక్యులేటర్ లేని రోజుల్లో ఆయన ఆ పట్టికని 67,46,32,83,88,800 దాకా లాక్కెళ్లాడు. దానికి 10,080 భాజకాలు! 32 ఏళ్లకే పోయిన మనిషి అంత చాకిరీ చేస్తే, అది ఒక్కడూ చదవడు. ఆయన చేతిలో ఆరో తరగతి లెక్క పెట్టి, మెడలో దండేసి, పదిమందికి పంపితే శుభవార్త వింటారని రాస్తారా? సిగ్గుండక్కర్లేదా? డిసెంబరు 22న, ఆయన పుట్టినరోజునైనా వదలరే!

అంత పట్టికలోనూ ఒక సంఖ్య ఆయన చెయ్యి జారిపోయింది. చివరి సంఖ్యను 23తో భాగిస్తే వచ్చేది అదే. ఆ ఖాళీ దగ్గర నాకు ఆయన మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొస్తుంది. ఉండబట్టలేక గ్రూపులో పెట్టాను: 293318625600.

రెండే నిమిషాల్లో పెదనాన్న జవాబు: "ఒరేయ్, ఆధార్ నంబరు గ్రూపులో పెట్టకూడదురా. ముందది డిలీట్ చెయ్యి."