డప్పుకు హెయిర్ డ్రయర్

విశ్వవిద్యాలయాల్లో సామాజిక న్యాయం ఏటా ఫిబ్రవరి 20న, మధ్యాహ్నం రెండున్నర నుంచి నాలుగున్నర దాకా అమల్లో ఉంటుంది. ఆ తేదీని ఐక్యరాజ్యసమితి 2007లో ప్రకటించింది, 2009 నుంచి ప్రపంచమంతా జరుపుకుంటోంది. టైమింగ్స్ మాత్రం మనవాళ్లే పెట్టుకున్నారు. నాలుగున్నర తర్వాత ఆడిటోరియం కామర్స్ వాళ్ల ఫేర్‌వెల్‌కి ఇచ్చేశారు కాబట్టి, న్యాయం ఏమైనా మిగిలిపోతే వచ్చే ఏడాది చూసుకోవాలి.

ఈసారి నన్నూ పిలిచారు. ఏ విశ్వవిద్యాలయమో చెప్పను, మీరు చదువుకున్నదే అనుకోండి. గేటు దగ్గర ఫ్లెక్సీ: 'బహుళ సంస్కృతుల కళా సంగమం - సామాజిక న్యాయ వేడుక'. అందులో పెద్దసార్లందరూ నిలువెత్తున నవ్వుతున్నారు. ఫూలే, అంబేడ్కర్ ఓ మూల పాస్‌పోర్టు సైజులో సర్దుకున్నారు.

వేడుకలో అసలు ఆకర్షణ డప్పు బృందం. ఎనిమిది మంది. ముఖ్య అతిథి రెండున్నరకు వస్తారు కాబట్టి వీళ్లను పొద్దున తొమ్మిదికే రప్పించారు.

డప్పు చర్మం చల్లబడితే పలకదు. నాలుగు ఎండుటాకులో, ఇంత గడ్డో వేసి మంట మీద కాచాలి. బృందం పెద్దాయన ఆడిటోరియం వెనక వేపచెట్టు కింద ఆకులు పోగేసి అగ్గిపుల్ల గీశాడో లేదో, సెక్యూరిటీ గార్డు ఈల వేసుకుంటూ వచ్చాడు. వెనకాలే కన్వీనర్ గారు. జానపద కళల్లో డాక్టరేట్ ఆయనకు.

"ఎవరు పర్మిషన్ ఇచ్చారు పెద్దాయనా? ఇది నో ఫైర్ జోన్."

"డప్పు కాగాలె గద సారూ."

"కాచకుండా వాయించలేరా?"

"వాయిస్తం సారూ. అదే పలుకదు."

కన్వీనర్ గారు నిజంగానే ఆలోచనలో పడ్డారు. ఎండలో పెడదామన్నారు. ఏసీ హాల్లోకి రాగానే మళ్లీ చల్లబడుతుందని పెద్దాయన చెప్పాడు. ఏసీ ఆపడం కుదరదు, అతిథులకు చెమట పడుతుంది. ఎస్టేట్ ఆఫీసుకు లెటర్ పెడదామంటే ఆ సెక్షన్ సూపరింటెండెంట్ సెలవు. చివరికి ఒక రీసెర్చ్ స్కాలర్ స్కూటీ మీద గర్ల్స్ హాస్టల్‌కి వెళ్లి రెండు హెయిర్ డ్రయర్లు పట్టుకొచ్చింది. గ్రీన్ రూమ్‌లో ఎక్స్‌టెన్షన్ బాక్సు, గోడకు ఆనించి ఎనిమిది డప్పులు, వాటికి వరుసగా బ్యూటీ పార్లర్ సేవ. ఒక డ్రయర్ గులాబీ రంగుది. ముప్పావుగంట తర్వాత పెద్దాయన ఒక డప్పు ఎత్తి, సిర్రతో ఒక్క దెబ్బ వేసి, చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"జలుబు చేసినట్టున్నది" అన్నాడు.

రెండూ నలభైకి సభ మొదలైంది. వేదిక మీద నిలువెత్తు ఇత్తడి సెమ్మె, ఐదు వత్తులు, ఆరుగురు అతిథులు. అదే గార్డు పరుగెత్తి ఫ్యాను ఆపాడు. ఏసీ గాలికి వత్తి అంటుకోలేదు. నేను లెక్కపెట్టాను, తొమ్మిది అగ్గిపుల్లలు. తర్వాత కొవ్వొత్తి, ఆ తర్వాత కర్పూరం. తెరకు జానెడు దూరంలో భగ్గుమంది. ఎవరూ ఈల వేయలేదు. అది జ్యోతి. చెట్టు కింద పెద్దాయన పెట్టబోయింది మంట. ఈ తేడా మనబోటివాళ్లకు తెలియదు, డాక్టరేట్ ఉండాలి.

మధ్యలో బీటెక్ పిల్లలు క్రేప్ పేపర్ నెమలీకల టోపీలు పెట్టుకుని గుస్సాడీ నృత్యం ఆడారు. ఆదిలాబాద్ రాజ్‌గోండులు దండారీ పండుగలో పూజ చేసి పెట్టుకునే టోపీ అది. ఆ ఆటకే కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ ఇచ్చారు. పిల్లల్ని ఏమనను, సెల్ఫీకి అడ్డమొస్తే టోపీ తీసి కుర్చీ కింద పెట్టారు.

డప్పు బృందానికి ముందు ఇరవై నిమిషాలన్నారు. అతిథి కారు దగ్గర్నుంచి హాలు గుమ్మం దాకా కొట్టించి, వేదిక మీద రెండు నిమిషాలతో సరిపెట్టారు. ఎందుకంటే 'డప్పు: ధిక్కార స్వరం' అని ముఖ్య అతిథి నలభై నిమిషాలు మాట్లాడాలి. ధిక్కార స్వరం గురించి ఆ ఎనిమిది మందీ తలుపు దగ్గర నిలబడి విన్నారు. ముందు మూడు వరుసలు రిజర్వ్‌డ్. రిజర్వేషన్ అనే మాట వింటేనే ఒళ్లు మండే ప్రొఫెసర్లు కూడా ఆ కాగితం అంటించిన కుర్చీలు వెతుక్కుని మరీ కూర్చున్నారు.

ఇక భోజనం సంగతి. ఇక్కడ నాకు నవ్వు రావడం లేదు. ఒంటిగంటకు మాకందరికీ గెస్ట్ హౌస్‌లో బఫే. ఆ ఎనిమిది మందికి అదే వేపచెట్టు కింద పొట్లాలు. లోపలికి ఎందుకు పిలవలేదని అడిగితే, "వాళ్లకు అక్కడే ఫ్రీగా ఉంటుందండీ" అన్నారు. ఊళ్లో చావుకీ జాతరకీ డప్పు కొట్టించుకుని గడప బయట నిలబెట్టిన పెద్దలు కూడా సరిగ్గా ఇదే మాట అనేవారు. వాళ్లకు డాక్టరేట్లు లేవు, ఫ్లెక్సీలూ లేవు. అంటరానితనాన్ని రద్దు చేస్తున్నామని రాజ్యాంగం 17వ అధికరణంలో రాసుకుని, 1950 నుంచి అమల్లో పెట్టుకుని, దాని మీదే సెమినార్ పెట్టి, ఆ సెమినార్‌కొచ్చిన మనుషులకు చెట్టు కింద అన్నం పెడతారా? సిగ్గనిపించలేదా ఒక్కరికీ? నాతో కలిపే అడుగుతున్నాను. నేనూ పనీర్ తిన్నాకే చూశాను.

డబ్బుల గురించి అడిగితే కన్వీనర్ గారు జాబితా చదివారు. ఎనిమిది మందివీ పాన్ కార్డులు, పాస్‌బుక్కు జిరాక్సులు, బిల్లు మీద రెవెన్యూ స్టాంపు, ఆపై ఆడిట్ అభ్యంతరాలు లేకపోతే మార్చి తర్వాత. ఇప్పటికి శాలువా. శాలువా చూపిస్తే కండక్టర్ టికెట్ ఇస్తాడా? పన్నెండు మెట్ల కిన్నెర మొగిలయ్య గారికి 2022లో పద్మశ్రీ ఇచ్చిన దేశమే, 2024లో ఆయన్ని కూలిపనిలో చూసి అయ్యో అనుకుంది.

నాలుగున్నరకు పెద్దసార్ల కార్లు వెళ్లిపోయాయి. ఫేర్‌వెల్ పిల్లలొచ్చి, "అంకుల్, ఒక్క తీన్‌మార్" అన్నారు. నిలబడ్డచోటే తలా ఇంత వేసుకుని పెద్దాయన మనవడి ఫోన్‌కు డబ్బులు కొట్టారు. డప్పులు మళ్లీ చల్లబడ్డాయి. గార్డు అటూ ఇటూ చూసి, జేబులోంచి అగ్గిపెట్టె తీసి పెద్దాయన చేతిలో పెట్టాడు. ఎండుటాకులు అంటుకున్నాయి. ఆ తర్వాత డప్పు ఎలా పలికిందంటే, గెస్ట్ హౌస్ కిటికీల దాకా వినబడింది.

మర్నాడు చెట్టు కింద బూడిద కనిపించిందని విచారణ కమిటీ వేశారు. గార్డుకు మెమో. కమిటీకి కన్వీనర్ ఆయనే.