వాగ్దాన కార్డుకు, కమిటీ వారి వందనములతో

ప్రియమైన వాగ్దాన కార్డుకు,

ప్రభువు నామమున వందనములు. డిసెంబరు 31 రాత్రి పన్నెండు దాటాక, కేకు కొయ్యకముందే, చర్చిలో పళ్లెంలో బోర్లా పడుకుని సంఘమంతటి భవిష్యత్తునూ మోసే నీకు ఈ లేఖ. నీ మీదున్న బైబిలు వాక్యమే కొత్త ఏటికి తమ వాగ్దానమని మనిషికొకటి తీసుకుంటారు. నవంబరులోనే రాస్తున్నాం. డిసెంబరు వచ్చిందంటే ప్రెస్సువాళ్లకు క్యాలెండర్లు తప్ప ఇంకేవీ కనపడవు.

ముందు నీ పుట్టుక సంగతి. మూడున్నర అంగుళాల పొడవు, రెండంగుళాల వెడల్పు, 300 జీఎస్‌ఎం దళసరి ఆర్టు కార్డు. ఒక మూల పావురం, వెనకాల మన జిల్లాలో ఎవరూ చూడని మంచుకొండ. 12×18 అంగుళాల షీటులో 24 పడతావు కాబట్టి వాక్యాలూ ఇరవై నాలుగే. ముప్ఫై ఒక్క వేల పైచిలుకు వచనాల్లోంచి ఈ ఇరవై నాలుగింటినీ పరిశుద్ధాత్మ ఏరాడని పళ్లెం చుట్టూ మూగినవాళ్ల నమ్మకం. ఏరింది డీటీపీ కుర్రాడు. పోయినేడు ఫైలు తెరిచి సంవత్సరం అంకె మార్చాడు, అంతే.

ఆ ఏరడానికీ ఓ లెక్కుంది. వాక్యం రెండు వరుసలు దాటకూడదు, అందులో శ్రమ అన్న మాట ఉండకూడదు. యోహాను 16:33లో "లోకములో మీకు శ్రమ కలుగును" అని ప్రభువే అన్నాడు. అదీ వాగ్దానమే, పైగా ఇంతవరకూ ఎవరి విషయంలోనూ తప్పింది లేదు. నీ మీద మాత్రం "ధైర్యము తెచ్చుకొనుడి" దగ్గర్నుంచే అచ్చవుతుంది. ధైర్యం దేనికో చెప్పవు. యెషయా 60:22కూ ఇదే గతి. ఒంటరియైనవాడు వేయిమంది కావడం గురించిన మొదటి సగం కత్తెరపాలై, "తగిన కాలమున ఈ కార్యమును త్వరపెట్టుదును" ఒక్కటే మిగులుతుంది. ఏ కార్యం? తీసినవాడి ఇష్టం. వీసా కావచ్చు, డబుల్ బెడ్‌రూం ఫ్లాటు కావచ్చు.

ఇక తీసే తంతు. పళ్లెంలో 240 కార్డులుంటే ఒక్కో వాక్యానికి పది నకళ్లు. నలుగురున్న ఇంట్లో తలా ఒకటి తీస్తే, కనీసం ఇద్దరికి ఒకే వాక్యం వచ్చే అవకాశం నూటికి 21. అంటే ఐదిళ్లలో ఒక ఇంట జరిగి తీరే మామూలు సంగతి. కానీ "ఇద్దరు ముగ్గురు సాక్షుల నోట ప్రతి మాటయు స్థిరపరచబడవలెను" అని బైబిల్లో ఉంది కదా, జనవరి మొదటి ఆదివారం అరవై కుటుంబాల సంఘంలో డజను సాక్ష్యాలు లేస్తాయి. నీ పొరపాటు కాదులే, గుణకారం అలాంటిది.

ఎనభై ఏళ్ల మామ్మగారికి "కుమారులు యెహోవా అనుగ్రహించు స్వాస్థ్యము" వస్తుంది. డిగ్రీ రెండో సంవత్సరం పిల్లకు "ముదిమి వచ్చువరకు నిన్ను ఎత్తికొనువాడను" వస్తుంది. గేటు దగ్గర ఇద్దరూ గుట్టుగా మార్చుకుంటారు. నచ్చని కార్డును "చెయ్యి తగిలిందండీ" అంటూ మళ్లీ పళ్లెంలో వేసేవాళ్లు వేరే.

చీటీ తియ్యడాన్ని తప్పుపట్టడం లేదు. యెహోషువ చీట్లు వేసి దేశం పంచాడు, అపొస్తలులు చీట్లు వేసి యూదా స్థానంలో మత్తీయను తీసుకున్నారు. జర్మనీలోని హెర్న్‌హుట్‌లో మొరేవియన్లనే క్రైస్తవ శాఖవారు 1731 నుంచి చీటీ తీసిన వాక్యాలను ఏటా పుస్తకంగా అచ్చేస్తున్నారు. అయితే అక్కడ రోజుకో వాక్యం, సంఘం మొత్తానికీ అదే. సాయంత్రానికి దాని పని అయిపోతుంది. నువ్వేమో మనిషికొక భవిష్యత్తు పంచి, 365 రోజులూ పర్సులో కూర్చుంటావు.

అసలు ఫిర్యాదు యిర్మీయా 29:11 గురించి. "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు." ప్రతి షీటులోనూ ఉంటుంది, అందరికీ అదే కావాలి. అది ఒక ఉత్తరంలో ముక్క. క్రీ.పూ. 597లో బబులోనుకు చెరగా పోయిన యూదా జనానికి యెరూషలేము నుంచి ప్రవక్త యిర్మీయా రాసింది. నువ్వు దాచిపెట్టే పదో వచనంలో గడువు స్పష్టంగా ఉంది: డెబ్బై ఏళ్లు. ఆ రోజు ముప్ఫై ఏళ్లవాడికి తిరుగు ప్రయాణం నూరో ఏట. అంటే వాగ్దానం వాడి మనవలకు. మరి వాడేం చెయ్యాలి? ఐదు, ఆరు వచనాలు: ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పెళ్లిళ్లు చేసుకోండి, పిల్లలకూ చెయ్యండి. తోట నాటినవాడు కాపు కోసం ఏళ్ల తరబడి నీళ్లు పొయ్యాలి. ఇల్లంటే పునాది, కలప, కూలీ. "మూటలు విప్పకండి, నా సమయం కోసం కనిపెట్టుకుని ఉండండి" అని ఆ ఉత్తరంలో ఎక్కడా లేదు. అలా మూటలు విప్పనివ్వని మాట చెప్పినవాడు ముందు అధ్యాయంలో ఉన్నాడు, హనన్యా అనే ప్రవక్త. రెండేళ్లలో అంతా తిరిగొస్తుందన్నాడు. ఆ కాలంలో నువ్వుంటే హోల్‌సేలు ఆర్డరు అతనిదే. ఆ ఏడే ఏడో నెలలో చచ్చిపోయాడు.

మనవాళ్లు పెళ్లికి ముహూర్తం చూడరు, రాహుకాలం చూడరు. ఆషాఢంలో ఫంక్షన్ హాలు ఖాళీగా దొరుకుతుందని తెలిసి కూడా, "దేవుని సమయం ఇంకా రాలేదు" అంటూ శ్రావణం దాకా లాగి, పోటీలో పడి ఎక్కువ అద్దె కడతారు. దేవుని సమయానికి చట్టం సమయం కూడా తోడవుతుందని గుర్తుండదు: 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం 10వ సెక్షను ప్రకారం పెళ్లి మామూలుగా ఉదయం ఆరు, సాయంత్రం ఏడు మధ్యే జరగాలి. పెళ్లి ప్రకటనలు చర్చిలో చదివే సంఘాల్లో దానికి ముందు మూడు ఆదివారాలు కావాలి. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల దినాల్లో చాలా చర్చిల్లో పెళ్లిళ్లే ఉండవు. ఇవన్నీ క్యాలెండరులో కనపడేవే, బయలుపరచబడవలసినవి కావు.

కరెంటు బిల్లుకు ఎవరూ దేవుని సమయం కోసం కనిపెట్టుకుని ఉండరు, గమనించావా? వీలునామాకు కనిపెడతారు. అప్పు తీర్చడానికి కనిపెడతారు. నచ్చని సంబంధానికి "ప్రభువింకా బయలుపరచలేదండీ" అంటే మధ్యవర్తికి కోపం రాదు, కాదన్న నెపం దేవుడి మీదికి పోతుంది. విదేశాలకు వెళ్లేవాళ్లు రాసే ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్ స్కోరు చెల్లేది రెండేళ్లే. తగిన కాలం అది దాటితే మళ్లీ ఫీజు కట్టాల్సింది నువ్వు కాదు, కార్డు తీసినవాడు. ఐగుప్తు రాజు ఫరో కలకు కరువు రాబోతోందని అర్థం తెలిశాక యోసేపు పాటలు పాడుతూ కూర్చోలేదు. పంటలో ఐదో వంతు కొట్లలో వెయ్యమన్నాడు, ఏడేళ్ల పాటు. గోపురం కట్టబోయేవాడు ముందు కూర్చుని "తగులుబడి లెక్కచూచుకొనడా" అని లూకా 14:28. తగులుబడి అంటే ఖర్చు. ఆ వాక్యంతో కార్డు వేస్తే పళ్లెంలో మిగిలిపోతుందని ప్రెస్సాయన అభిప్రాయం.

అయినా ఈసారి అచ్చు ప్లేటు ఇలా వేయిస్తున్నాం. 29:11 వెనకవైపు ఐదు, ఆరు, పది వచనాలు, ఎనిమిది పాయింట్ల అక్షరంలో. కింద మూడు ఖాళీ గీతలు: పని, ఖర్చు, గడువు. వెనకవైపు లామినేషన్ ఉండదు. మెరిసే లామినేషన్ మీద బాల్‌పెన్ను పడదు, పడినా చేత్తో తుడిస్తే పోతుంది. రెండు వైపులా అచ్చు కాబట్టి రేటు కొంత పెరుగుతుంది. కేకు సైజు తగ్గించి సర్దుతాం.

ఇట్లు,
కార్డులు ఆర్డరిచ్చే కమిటీ

తా.క.: ప్రూఫు వచ్చినప్పుడు అంకెలు ఇద్దరు చదవాలి. 29:11లో రెండు పోయి ఒకటి పడితే అది యిర్మీయా 19:11 అవుతుంది. తిరిగి బాగుచెయ్యలేని కుమ్మరి పాత్రలా ఈ జనాన్నీ ఈ పట్టణాన్నీ పగలగొడతానని అక్కడుంది.