ఫైలు కదలకుండానే దొంగతనం

సిబ్బంది జీతాలు, నియామకాలకు సంబంధించిన సాఫ్ట్‌వేర్ అమ్మే అమెరికా కంపెనీ రిప్లింగ్, 2025 మార్చిలో తన పోటీదారు డీల్ మీద కాలిఫోర్నియా ఫెడరల్ కోర్టులో దావా వేసింది. డబ్లిన్‌లో పనిచేసే తమ ఉద్యోగి ఒకరు నెలల తరబడి డీల్ కోసం గూఢచర్యం చేశాడన్నది ఆరోపణ. ఆ దావాలో నన్ను ఆపేసిన వివరం ఒకటుంది. ఆ ఉద్యోగి ఏ సర్వర్‌నూ బద్దలుకొట్టలేదు, ఎవరి పాస్‌వర్డూ కాజేయలేదు. కంపెనీ అంతా మాట్లాడుకునే మెసేజింగ్ యాప్ స్లాక్‌లో, వెతికే పెట్టె తెరిచి పోటీ కంపెనీ పేరు టైపు చేశాడు. రోజుకు సగటున 23 సార్లు. జీతాల వ్యవహారాలు చూసే మనిషికి అమ్మకాల విభాగం ముచ్చట్లతో పనేమిటని అంతకాలం ఎవరూ అడగలేదు.

డేటా చోరీ అనగానే మనం పెన్‌డ్రైవ్‌నో, రాత్రికి రాత్రి బయటికి పోయిన వేల ఫైళ్లనో ఊహించుకుంటాం. భద్రతా విభాగాల పరికరాలు కూడా అలాంటి దొంగ కోసమే కాపు కాస్తుంటాయి: భారీ డౌన్‌లోడ్, సొంత మెయిలుకు వెళ్లిన అటాచ్‌మెంట్, యూఎస్‌బీలోకి ఎక్కిన నకలు. మెసేజింగ్ యాప్‌లో దొంగకు ఇవేవీ అక్కర్లేదు. చదివితే చాలు. స్లాక్‌లో పబ్లిక్ ఛానెల్ అంటే సంస్థ సభ్యులెవరైనా అందులో చేరకుండానే తొంగిచూడగలిగే గది. చేరితే ఫలానావారు వచ్చారని మిగతావారికి తెలుస్తుంది. తొంగిచూస్తే తెలియదు. తెర మీద ఉన్నదాన్ని సొంత ఫోనుతో ఫొటో తీస్తే కంపెనీ నెట్‌వర్క్‌కు ఆ ఊసే ఉండదు. ఫైలు ఉన్నచోటే ఉంటుంది, రహస్యం మాత్రం గడప దాటిపోతుంది.

ఇంతకీ ఆ గదుల్లో ఏముంటుంది? అమ్మకాల ఛానెల్ ఒక్కటి తెరిచి చూడండి. ఫలానా ఖాతాదారు పోటీ కంపెనీని వదిలి రావాలనుకుంటున్నాడని ఒకరు రాస్తారు. ఎంతవరకు తగ్గించవచ్చో పైఅధికారి ఆ కిందే జవాబిస్తారు. బేరం ఎక్కడ చిక్కుపడిందో మూడోవారు చెబుతారు. ఒప్పంద పత్రాన్ని తాళం వేసిన ఫోల్డర్‌లో దాచిన కంపెనీయే, దాని సారాన్ని నాలుగు వాక్యాల్లో అందరి ముందూ పరిచేస్తుంది. పక్క ఛానెల్‌లో ఎవరో ఇంజినీరు హడావుడిలో డేటాబేస్ పాస్‌వర్డ్ అతికించి, తర్వాత తీసేద్దామనుకుని మరిచిపోయి ఉంటాడు. పోటీదారుకు అసలు పత్రం కన్నా ఈ మాటలే ఎక్కువ విలువ చేస్తాయి. పత్రంలో నిర్ణయం ఒక్కటే ఉంటుంది. సంభాషణలో ఆ నిర్ణయం వెనకున్న భయం, తొందర, లొంగిపోయే హద్దు కూడా ఉంటాయి.

స్లాక్ అనే పేరు 'సంభాషణలు, పరిజ్ఞానం అన్నిటినీ వెతుక్కోగల చిట్టా' అనే అర్థమిచ్చే ఆంగ్ల పదాల పొడి అక్షరాలేనని దాని సహ వ్యవస్థాపకుడు స్టీవర్ట్ బటర్‌ఫీల్డ్ స్వయంగా చెప్పారు. అంటే వెతుకులాట ఆ యాప్‌కు అదనపు సదుపాయం కాదు, దాని ప్రాణం. ఆ మేలును నేను కాదనను. కొత్తగా చేరినవారు ఎవరినీ విసిగించకుండా పాత చర్చలు చదివి పని నేర్చుకోగలుగుతున్నారు. నా అభ్యంతరమల్లా కంపెనీల మీదే. ఎవరికి ఏది కనిపించాలో అవి కూర్చుని ఆలోచించలేదు. యాప్ ముందే పెట్టి ఇచ్చిన అమరికనే తమ విధానం చేసుకున్నాయి.

ఈ గదుల్లో ఇంకో బలహీనత ఉంది. లోపల కనిపించినవాడల్లా మనవాడే అనిపిస్తాడు. 2021లో వీడియో గేముల కంపెనీ ఎలక్ట్రానిక్ ఆర్ట్స్‌లో జరిగింది అదే. ఎవరో దొంగిలించిన కుకీలను, అంటే లాగిన్ అయినవారిని గుర్తుపెట్టుకునే బ్రౌజర్ ఫైళ్లను, హ్యాకర్లు 10 డాలర్లకు కొని స్లాక్‌లోకి వచ్చారు. రాత్రి పార్టీలో ఫోను పోగొట్టుకున్నామని ఐటీ సిబ్బందికి మెసేజ్ పెట్టి, కంపెనీ నెట్‌వర్క్‌లోకి వెళ్లే లాగిన్ టోకెన్ ఇప్పించుకున్నారు. చివరికి సుమారు 780 గిగాబైట్ల డేటా పోయింది. బయటివాడు లోపలివాడి వేషం వేయడానికి అంతకన్నా శ్రమ పడనక్కర్లేకపోయింది.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. రిప్లింగ్ వ్యవహారంలో మాత్రం వెతికే పెట్టే పట్టిచ్చింది. కంపెనీ ఓ కొత్త ఛానెల్ సృష్టించింది. దాని పేరు ప్రస్తావిస్తూ, అందులో డీల్‌కు ఇబ్బంది కలిగించే మాటలున్నాయని అర్థం వచ్చేలా డీల్ పెద్దలకు లేఖ పంపింది. కొన్ని గంటల్లోనే ఆ ఉద్యోగి ఆ ఛానెల్ కోసం వెతికాడని దావా చెబుతోంది. ఫోను అప్పగించాలన్న ఐర్లండ్ కోర్టు ఉత్తర్వుతో న్యాయవాది వస్తే, అతడు బాత్‌రూములోకి వెళ్లి గడియ పెట్టుకున్నాడు. లోపలి నుంచి ఫ్లష్ చప్పుడు వినిపించిందట. తర్వాత కోర్టుకిచ్చిన ప్రమాణపత్రంలో, నెలకు 5,000 యూరోలు తీసుకున్నానని, పాత ఫోనును గొడ్డలితో పగలగొట్టానని అతడు ఒప్పుకున్నాడు. డీల్ తాను తప్పు చేయలేదంటోంది, ఎదురు దావా కూడా వేసింది. న్యాయం ఎటున్నా, వెతికిన ప్రతి మాటకూ ఆనవాలు మిగిలిందన్నది నిజం. దాన్ని చూసే ఆలోచన రావడమే ఆలస్యమైంది.

ఇలాంటి కథ విన్న యాజమాన్యానికి వెంటనే తోచేది అందరి మెసేజ్‌లూ చదివేయడం. దాన్ని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. రొమేనియాలో ఒక సేల్స్ ఇంజినీరు ఖాతాదారులకు జవాబివ్వడానికి కంపెనీ చెప్పినట్టే యాహూ మెసెంజర్ ఖాతా తెరిచాడు. అందులో సొంత కబుర్లు చెప్పుకున్నాడని 2007లో అతడి ఉద్యోగం తీసేశారు. సోదరుడితో, కాబోయే భార్యతో మాట్లాడుకున్న మాటలు కూడా యాజమాన్యం ముద్రించి చూపిన కాగితాల్లోకి ఎక్కాయి. యూరప్ మానవ హక్కుల న్యాయస్థానం 2017 సెప్టెంబరులో అతడి పక్షాన తీర్పిచ్చింది. నిఘా ఎలాంటిది, ఎంతవరకు అన్నది ముందే చెప్పకుండా ఉద్యోగి మాటలు చదవడం కుదరదన్నది అందులోని ముఖ్యమైన మాట.

దొంగను పట్టడానికి మనసులు చదవనక్కర్లేదు. ఎవరు ఏం రాశారన్నది వదిలేసి, ఎవరు తమ పనికి సంబంధం లేని గదుల్లో ఎన్నిసార్లు తొంగిచూశారన్న లెక్క చూస్తే చాలు. బేరాల ఛానెళ్లకు తలుపులు పెట్టాలి. ఏళ్లనాటి చర్చలను గడువు పెట్టి చెరిపేయాలి. విదేశాల్లోని తన సహాయక సిబ్బందికి నేరగాళ్లు లంచాలిచ్చి ఖాతాదారుల సమాచారం రాబట్టారని 2025 మేలో క్రిప్టో కరెన్సీ మారకపు కంపెనీ కాయిన్‌బేస్ ప్రకటించింది. బాధితుల సంఖ్య 69,461. లంచం తీసుకునేవాడు ఎక్కడైనా పుట్టవచ్చు. అతడి కంటికి ఎంత మేర కనిపించాలన్నది మాత్రం సంస్థ చేతిలోనే ఉంది. ఇక వెతుకులాట వివరాలు నమోదవుతాయన్న నోటీసు, చేరిన రోజు సంతకం పెట్టించుకునే కాగితాల కట్టలో కాదు, వెతికే పెట్టె పక్కనే కనిపించాలి.